జుమ్మా తల్లి ఉన్న ఎడారికి

ముగ్గురం వెళ్ళి ఇద్దరం తిరిగొచ్చాం. బడిలో తోటి టీచర్లు అజంతా బొమ్మలు ఎలా ఉన్నాయని అడుగుతారు. ఒంటె పాలు ఉప్పగా ఉంటాయట, నిజమేనా అని అడుగుతారు. మహబూబ్‌బీ సంగతి మాత్రం మావారు దగ్గర లేనప్పుడు చూసి, గొంతు తగ్గించి అడుగుతారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను.

బోయిన్‌పల్లి

మాది గుంటూరు వైపు. నేను తిరుమలగిరిలో ఒక మిషను బడిలో టీచర్ని, మావారు సికింద్రాబాదులో రైల్వే గుమాస్తా. కాపురం బోయిన్‌పల్లిలో. ఆయన పుట్టింది అమరావతి. చిన్నప్పుడు ఆడుకున్న దీపాలదిన్నె ఒకప్పుడు పెద్ద బౌద్ధ స్తూపమనీ, దాని చలువరాళ్ళు కొన్ని సున్నపు బట్టీల్లో కాలిపోయాయనీ, కొన్ని మద్రాసుకూ ఇంగ్లండు సీమకూ పోయాయనీ పెద్దయ్యాక తెలుసుకున్నారు. చెక్కుచెదరని స్తూపం ఒక్కటైనా కళ్ళారా చూడాలని ఆయన కోరిక. మనం క్రైస్తవులం కదా, మీకు బుద్ధుడి మీద ఈ మక్కువేమిటని పాస్టరుగారు కూడా ఒకసారి అడిగారు. మా ఊరి దిబ్బ కదండీ అన్నారు ఈయన.

ఆ ఏడు క్రిస్మసు సెలవులకు అజంతా, సాంచి చూసిరావాలని నిశ్చయించుకున్నాం. ఆ సంగతి మా వీధి చివర ఉండే మహబూబ్‌బీ చెవిన పడింది.

మహబూబ్‌బీ తండ్రి లాల్‌సాబ్ బొంతలు కుట్టేవాడు. వాళ్ళింట్లో తెలుగే మాట్లాడతారు. ఆమె మొగుడు జుమ్మా మాత్రం ఎక్కడో మార్వాడు ఎడారి మనిషి. కంటోన్మెంటుకు మేత సరఫరా చేసే కంట్రాక్టరు దగ్గర ఒంటెలు తోలడానికి వచ్చి, ఇక్కడే పెళ్ళి చేసుకుని ఉండిపోయాడు. పొడుగ్గా, నెమ్మదిగా ఉండేవాడు. పోలీసు చర్య రోజుల్లో, ఇండియా సైన్యం నగరం దాకా వచ్చేసిన సమయంలో, పటాన్‌చెరు దారిలో అతణ్ణి ఎవరో కాల్చి చంపారు. ఏ వైపు వాళ్ళో ఈనాటికీ తెలియదు. గడ్డం, తలపాగా చూసి రజాకారనుకున్నారేమో. అప్పుడు మహబూబ్‌బీ మా బడి హాల్లో, మిగతా ఆడవాళ్ళతో కలిసి తలదాచుకుని ఉంది. కర్‌ఫ్యూ వల్ల ఆమెకు కబురు అందేసరికి ఖననం అయిపోయింది. మొగుడి ముఖం చివరిసారి చూసుకోలేకపోయింది.

ఆమె మా గుమ్మంలో నిలబడి, మీరు పోయే దారిలో మా అత్తగారి ఊరు తగులుతుందా అని అడిగింది. పోకరణ్ అనే స్టేషను పేరు, మామ పేరు తప్ప ఆమెకేమీ తెలియదు. జుమ్మాకు చదువు రాదు. ఏడాదికోసారి ఒంటెల బేరగాళ్ళ చేత తల్లికి కబురు పంపేవాడు. దేశం రెండు ముక్కలయ్యాక ఆ బేరగాళ్ళ రాకపోకలు ఆగిపోయాయి.

"ఆయన పోయిండని ఆమెకు ఎవరు చెప్పిన్రు టీచరమ్మా? ఎవరూ చెప్పలె. నేనే పోయి చెప్పాలె," అంది.

మావారు పటం తెచ్చి చూశారు. పోకరణ్ మా దారిలో లేదు, చాలా దూరం పక్కకు ఉంది. వెళ్దాం అన్నారు. నాకు ఆశ్చర్యమేసింది. సెలవు పొడిగించమని అడగడానికే మొహమాటపడే మనిషి ఆయన.

నాందేడు దాటాక

చిన్నలైను బండి. నాందేడు, పర్భణీ మీదుగా ఔరంగాబాదు పోతుంది. మా పెట్టెలో ఒక ముసల్మాను కుటుంబం ఎక్కింది. పోలీసు చర్య తర్వాత ఊరు విడిచి హైదరాబాదులో బంధువుల పంచన ఉండి, ఏడాది దాటాక తిరిగి వెళ్తున్నారు. ఇంటి పెద్ద నడుముకు ఒక ఇనప తాళంచెవి వేలాడుతోంది. ఇంటికి తలుపులు లేవనీ, ద్వారబంధాలతో సహా ఊడబెరుక్కుపోయారనీ తనకు తెలుసునని ఆయనే చెప్పాడు. మరి తాళంచెవి ఎందుకని నేను అడగలేదు. పక్కన కూర్చున్న మరాఠీ ముసలమ్మ జొన్న భాకరీ, వేరుశనగ చట్నీ అందరికీ పంచింది. ఆయన భార్య మొదట వద్దంది. ముసలమ్మ ఆమె ఒళ్ళో పెట్టేసి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మా తెలంగాణ జొన్నరొట్టె కన్నా అది కాస్త మందం. పచ్చిమిరపకాయ కారం మాత్రం మన గుంటూరు వాళ్ళకూ కళ్ళనీళ్ళు తెప్పించేంత ఉంది.

వాళ్ళు దిగిన స్టేషను చిన్నది. వాళ్ళ కోసం ఎవరూ రాలేదు. బండి కదిలేదాకా మూటల పక్కనే నిలబడి ఉన్నారు.

అజంతా

ఔరంగాబాదు నుంచి బస్సులో వెళ్ళాం. గుహల్లో చీకటి. బయట ఎండలో ఒకాయన పెద్ద అద్దం పట్టుకుని వెలుగును లోపలికి మళ్ళిస్తాడు. లోపల ఇంకొకాయన తెల్లగుడ్డ చాపి ఆ వెలుగును గోడ మీదికి తిప్పుతాడు. అప్పుడు ఒక్కొక్క ముఖమే బయటపడుతుంది. ఆ ఆడవాళ్ళ నగలూ, జడలూ, కూర్చునే తీరూ చూస్తే మా కృష్ణ ఒడ్డు ఊళ్ళలో కనపడే మనుషుల్లాగే అనిపించారు.

చివరి వైపు గుహల్లో ఒక గోడ పొడుగునా బుద్ధుడు పక్కకు ఒరిగి పడుకుని ఉన్నాడు. చెంప కింద చెయ్యి. తలగడ నొక్కుకుపోయినట్టు కూడా రాతిలో చెక్కారు. మహబూబ్‌బీ అప్పటిదాకా బొమ్మల వంక సరిగ్గా చూడలేదు. తమ మతంలో తగదని కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని మా వెనకే నడిచింది. అక్కడ మాత్రం ఆగిపోయింది.

"పండుకున్నడా, పోయిండా?" అని అడిగింది.

పోయాడమ్మా, అవి ఆఖరి ఘడియలు అన్నారు మావారు. మంచం కింద వరుసగా కూర్చుని ఏడుస్తున్న మనుషులను ఆమె చాలాసేపు చూసింది. ఒకడు గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నాడు, ఒకామె ముఖం కప్పుకుంది.

"ఇంతమంది ఉన్నరా దగ్గర," అంది. మావారు అక్కడి నుంచి తొందరగా బయటికి నడిచారు. కొండ ఎక్కిన ఆయాసమనుకున్నాను.

మన్మాడు

నిజాం రాజ్యం సరిహద్దు దాటగానే మన్మాడు. పెద్దలైను బండి కోసం అక్కడ కాసుకోవాలి. టీ తాగి మన నిజాం హాలీ సిక్కా రెండణాల బిళ్ళ ఇస్తే కుర్రాడు దాని మీది చార్మినారు బొమ్మ చూసి నవ్వి వెనక్కిచ్చేశాడు. అక్కడ ఇండియా డబ్బే చెల్లుతుంది. మావారు మార్చిన డబ్బు ట్రంకు అడుగున పెట్టారు. ప్లాట్‌ఫారం మీద నా చీరలన్నీ బయటికి తీసి వెతకవలసి వచ్చింది. పక్కనున్న గుజరాతీ ఆయన మా అవస్థ చూసి మూడు టీలకూ తానే ఇచ్చి, మీ నవాబుగారి తరఫున అనుకోండి అన్నాడు. ఆ ప్రయాణంలో ముగ్గురమూ కలిసి నవ్విన సందర్భం అదొక్కటే.

సాంచి

భోపాలు దాటాక చిన్న స్టేషను. దిగగానే కొండ మీద స్తూపం కనపడుతుంది. బోర్లించిన గిన్నెలా ఉంటుందని పుస్తకాల్లో చదివాం గానీ, దగ్గరికి వెళ్తే ఆ గుండ్రనితనం ముందు మనం ఎంత చిన్నవాళ్ళమో తెలుస్తుంది. తోరణాల మీద ఏనుగులు, చెట్లు, ఊరేగింపులు, రథాలు. బుద్ధుడి బొమ్మ మాత్రం వాటిలో లేదు. ఆయన ఉన్నాడనడానికి పాదముద్రలో, ఖాళీ ఆసనమో చెక్కారంతే. మహబూబ్‌బీకి ఇది నచ్చింది. ఇక్కడ కొంగు అడ్డం పెట్టుకోలేదు.

సింహళం నుంచి వచ్చిన యాత్రికులు తెల్లబట్టలతో ప్రదక్షిణ చేస్తున్నారు. మావారు చెప్పులు విడిచి వాళ్ళ వెనకే ఒక చుట్టు తిరిగి వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. మా ఊరి దిబ్బ ఇట్లా ఉండేదన్నమాట అన్నారు. సంతోషపడతారనుకున్నాను. ఆయన ముఖంలో ఉన్నది సంతోషం కాదు. లోపల ఎవరివో అస్థికలుంటాయట, వాటి కోసమే ఇంత రాయి పేర్చారు అన్నారు. తర్వాత, చనిపోయినవాళ్ళకు ఏదో ఒకటి సరిగ్గా చెయ్యాలి కదా అన్నారు. ఎవరి గురించి ఆ మాట అన్నారో నాకు అప్పుడు తట్టలేదు.

జోధ్‌పూరు అవతల

అక్కడి నుంచి ఎన్ని బండ్లు మారామో చెబితే మీకు విసుగు. రోజు రోజుకూ కిటికీలోంచి చెట్లు తగ్గిపోయాయి. జోధ్‌పూరు తర్వాత మట్టి రంగు పాలిపోయి ఇసకైంది. స్టేషన్లలో జనం పలహారాల కన్నా ముందు నీళ్ళ కుండల దగ్గరికి పరిగెడతారు. నేను అలవాటు కొద్దీ గ్లాసు కడిగి ఆ నీళ్ళు కిటికీలోంచి పారబోశాను. ఎదుటి బెంచీ మీది మార్వాడీ ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపబోయింది. ఆలస్యమైంది. ఆమె తిట్టలేదు, తన ఇసక డబ్బా చూపించింది. గిన్నెలు వాళ్ళు ఇసకతోనే తోముకుంటారు. కృష్ణ నీళ్ళు తాగి పెరిగిన నాకు తలెత్తుకోవడం కష్టమైంది.

పోకరణ్‌లో రైలుపట్టాలు ఆగిపోతాయి. బజారులో జుమ్మా తండ్రి పేరు చెప్పి అడిగితే ఒంటెబండి తోలే ఒకతను గుర్తుపట్టాడు. వాళ్ళు ఒంటెలు మేపుకునే సింధీ ముసల్మానులనీ, మేత ఎక్కడుంటే అక్కడ గుడిసెలు వేసుకుంటారనీ, ఈ చలికాలం ఫలానా బావి దగ్గర ఉన్నారనీ చెప్పాడు. వాళ్ళలో చాలామంది సరిహద్దు దాటి సింధుకు వెళ్ళిపోయారట. మునుపు ఆ దారి వాళ్ళకు మన బోయిన్‌పల్లి నుంచి సికింద్రాబాదు బజారుకు వెళ్ళినట్టే ఉండేది. ఇప్పుడు అక్కడ సిపాయిల పహరా. జుమ్మా అన్న కూడా సగం మందతో అవతలికి పోయాడు. తల్లి మాత్రం కదలలేదు.

ఎందుకు కదలలేదని మావారు అడిగారు. దక్కనులో ఉన్న కొడుకు వస్తే ఈ బావి దగ్గరే వెతుక్కుంటాడు, నేను అవతల ఉంటే వాడికెలా తెలుస్తుంది అంటుందట.

ఆ మాటలు మహబూబ్‌బీకి అర్థమయ్యాయి. బండి కమ్మీ పట్టుకుని దారి పొడుగునా తల ఎత్తలేదు.

బావి దగ్గర

గడ్డితో కప్పిన గుండ్రటి గుడిసెలు అయిదారు ఉంటాయి. ముళ్ళకంపల దొడ్డిలో ఒంటె పిల్లలు. మేం బండి దిగుతుంటే ఒక ముసలావిడ గుడిసెలోంచి వచ్చి నిలబడింది. నల్లటి ఊలు ఓణీ, మోచేతుల పైదాకా తెల్ల గాజులు. ఆమె మా ముగ్గురినీ చూసి, మా వెనక దారిని చూసింది. ఇంకో బండి వస్తోందేమోనని చూసినట్టుంది.

జుమ్మా తమ్ముడు కరీముకు హిందూస్తానీ వచ్చు. ఆ తర్వాత మాటలన్నీ అతని నోటి మీదుగానే జరిగాయి. మన దగ్గర గుమ్మంలో కాలు పెట్టకముందే ఏ ఊరు, ఏం పని అని అడిగేస్తాం. అక్కడ అతిథి పాలు తాగి గిన్నె కింద పెట్టేదాకా ఏమీ అడగకూడదు. మంచం వేశారు. నురగ తేలుతున్న ఒంటె పాలు ఇచ్చారు. కొంచెం ఉప్పగా ఉండే మాట నిజమే. సజ్జరొట్టె, ఎండబెట్టిన అడవి కాయల కూర పెట్టారు. గొంతులో ఆ కబురు పెట్టుకుని తినడం ఎంత కష్టమో నేను చెప్పలేను. ముసలావిడ మహబూబ్‌బీనే చూస్తోంది. తినమని చేత్తో సైగ చేస్తోంది.

గిన్నె కింద పెట్టి మహబూబ్‌బీ లేచింది. వెళ్ళి ఆమె పాదాల దగ్గర కూర్చుని తన దక్కనీ ఉర్దూలో, నేను మీ జుమ్మా భార్యను, ఆయన లేడు అని చెప్పింది. కరీము దాన్ని తల్లికి చెప్పడానికి నోరు తెరిచి ఆగిపోయాడు. చెప్పనక్కర్లేకపోయింది.

ఆమె ఏడవలేదు. ఇసకలో చెయ్యి ఆనించి మెల్లగా కూర్చుంది. తర్వాత ఒక ప్రశ్న అడిగింది. ఎవరు చంపారని అడగలేదు, ఎందుకు చంపారని అడగలేదు. నా కొడుక్కి ఆఖరి స్నానానికి నీళ్ళు ఎవరు పోశారు, మట్టి ఎవరు వేశారు అని అడిగింది.

మహబూబ్‌బీ నావైపు చూసింది. ఆమెకు తెలియదు. లాల్‌సాబ్ కూతురితో అంతా మంచిగానే చేశామని మాత్రమే చెప్పి ఊరుకున్నాడు. నాకూ తెలియదు.

అప్పుడు మావారు మంచం మీది నుంచి లేచారు.

"నీళ్ళు నేను పోశానమ్మా," అన్నారు. కంగారులో తెలుగులోనే అనేశారు. తర్వాత హిందూస్తానీలో మళ్ళీ చెప్పారు. శవాన్ని లాల్‌సాబ్ వాకిట్లో దింపి బండివాడు భయపడి వెళ్ళిపోయాడనీ, వీధిలో తలుపులన్నీ మూసి ఉన్నాయనీ, కొడుకులు కర్‌ఫ్యూలో వేరేచోట చిక్కుకుపోయి లాల్‌సాబ్ ఒక్కడే నిలబడి ఉంటే తాను వెళ్ళాననీ చెప్పారు. నీళ్ళు వెచ్చబెట్టి ఈయన పోస్తుంటే లాల్‌సాబ్ అల్లుడి ఒళ్ళు కడిగాడు. శవానికి చుట్టే కఫను గుడ్డ కొనడానికి దుకాణాలు తెరిచి లేవు. లాల్‌సాబ్ బొంతల కోసం ఉంచుకున్న కొత్త తెల్లగుడ్డ కప్పారు. నమాజుకు ఎవరూ రాలేదు. లాల్‌సాబ్ ముందు నిలబడ్డాడు. వెనక వరుసలో ఈయన ఒక్కరే.

"నాకు ఆ మాటలు రావు. ఆయన ఎలా చేస్తే అలా చేశాను. ముఖం పడమటికి తిప్పి పడుకోబెట్టాం. మట్టి ఇద్దరమే వేశాం. తప్పేదైనా జరిగితే, తెలియక జరిగింది," అన్నారు.

ఆ రోజులు నాకు గుర్తున్నాయి. నేనూ ఆ ఆడవాళ్ళతో బడిలోనే చిక్కుకుని, కర్‌ఫ్యూ సడలాక ఇంటికొచ్చేసరికి వాకిట్లో మట్టి అంటిన పార ఉంది. దొడ్డి పని చేశారనుకున్నాను. ఏడాది పైగా ఆయన ఒక్క మాట అనలేదు. ఎందుకు చెప్పలేదని తర్వాత రైల్లో అడిగితే, క్రైస్తవుడు మట్టి వేశాడని తెలిస్తే ఆ పిల్ల బాధపడుతుందేమోననుకున్నాను అన్నారు.

కరీము ఒక్కొక్క మాటే తల్లికి చెప్పాడు. తెల్లగుడ్డ మాట దగ్గర తలపాగా కొసతో ముఖం తుడుచుకున్నాడు. మహబూబ్‌బీ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మొగుడు పోయాక ఆమె ఏడవగా నేను చూడడం అదే మొదలు. ముసలావిడ లేచి మావారి దగ్గరికి వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుంది. అరచేతులు తిప్పి చూసి, వాటిని తన కళ్ళకు ఆనించుకుంది. అప్పుడు ఏడ్చింది.

పొద్దు వాలేముందు గుడిసెల మగవాళ్ళంతా పడమటి వైపు తిరిగి వరుసగా నిలబడ్డారు, జుమ్మా పేరున ఫాతిహా ప్రార్థన చదవడానికి. మావారు నా పక్కన దూరంగా నిలబడి ఉన్నారు. కరీము వచ్చి ఆయన మణికట్టు పట్టుకుని తీసుకెళ్ళి తన పక్కన నిలబెట్టుకున్నాడు. వాళ్ళతో పాటు ఆయనా చేతులు తెరిచి పట్టుకున్నారు. పొడుగాటి తలపాగాల మధ్య ఆయన గుమాస్తా కోటు. ఆయన లోపల ఏ ప్రార్థన చేసుకున్నారో నేను అడగలేదు.

మహబూబ్‌బీ

మర్నాడంతా వాళ్ళతోనే ఉన్నాం. ఇక కొడుకు కోసం ఆగే పని లేదు కనుక, అందరం అన్న దగ్గరికి అవతలికి పోదామని కరీము తల్లితో అన్నాడు. ఆమె మేకవెంట్రుకలు వడుకుతూ కూర్చుంది. మహబూబ్‌బీ పక్కన చేరి ఇంకో కదురు అందుకుంది. దూదితో పెరిగిన చేతులు ఆమెవి. కాసేపట్లోనే దారం సాఫుగా రావడం మొదలైంది.

సాయంత్రం ఆమె నా దగ్గరికొచ్చి, తాను రావడం లేదని చెప్పింది. నేను చాలా చెప్పాను. ఈ నీళ్ళు లేని నేల మీద ఎలా ఉంటావన్నాను. భాష రాదన్నాను, ముసలి తండ్రి ఉన్నాడన్నాను. అత్తగారు కూడా కరీము చేత అదే చెప్పించింది. నా కొడుకు గోరీ అక్కడుంది, నువ్వు అక్కడే ఉండాలి, ఈ ఇసకలో ఏముంది నీకు అని.

"గోరీ కాడ మా నాయన ఉన్నడు, అన్నలున్నరు. ఈడ ఈమెకు ఎవరున్నరు టీచరమ్మా? అందరు పోయినా ఆయన కోసమని ఈమె ఆగింది. ఆయన రాలె. నేనన్న వచ్చిన గద," అంది మహబూబ్‌బీ.

తర్వాత మావారి వైపు తిరిగి, "అన్నా, జెర గోరీ చూసుకోండ్రి. వానలకు మట్టి కుంగుతది," అంది. అంతవరకూ ఆయన్ని సార్ అనేది.

కరీము ఆమె మాటలు తల్లికి చెప్పాడు. ముసలావిడ తన చేతి నుంచి రెండు తెల్ల గాజులు తీయబోయింది. ఎన్నాళ్ళుగా వేసుకున్నవో, రాలేదు. మహబూబ్‌బీ నూనె రాసి తీసింది. వితంతువు గాజులు వేసుకోవచ్చా అని మన ఊళ్ళో అయితే నలుగురూ నాలుగు రకాలుగా అనేవాళ్ళు. అక్కడ ఎవరూ ఏమీ అనలేదు. ఇక అవతలికి పోయే మాట ఎత్తొద్దని ఆమె కరీముతో చెప్పింది.

పొద్దున్నే మా బండి సిద్ధమైంది. రెండు రోజులూ నాతో సైగలతోనే మాట్లాడిన ఆ ముసలావిడ బండి పక్కకు వచ్చింది. ఒకసారి కోడలి వైపు చూసింది. కోడలు తల ఊపింది. అప్పుడు నావైపు తిరిగి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ, "పోయి రండ్రి," అంది.

మళ్ళీ మా వీధి

స్టేషను నుంచి నేరుగా లాల్‌సాబ్ ఇంటికే వెళ్ళాం. మా వెనక ఎవరూ లేకపోవడం చూసి ఆయన పని ఆపి లేచి నిలబడ్డాడు. జరిగిందంతా మావారు చెప్పారు. చివరికి, బలవంతం ఏమీ లేదు గదా అని అడిగాడు. లేదన్నాం. ఆమె చేతికి అత్తగారి గాజులున్నాయని చెప్పాం.

"ఆడ తెలుగు మాట్లాడెటోళ్ళు సుత ఉండరేమో," అన్నాడు.

ఉన్నారన్నాను. వాళ్ళ అత్తగారు మమ్మల్ని సాగనంపుతూ తెలుగులో మాట్లాడిందని చెప్పాను. లాల్‌సాబ్ నమ్మలేదు. ఏమన్నదని అడిగాడు. ఆమె ఎలా అన్నదో అలాగే, ఆ బరువైన యాసతో, ఆగి ఆగి, పోయి రండ్రి అని పలికి చూపించాను.

ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను.